కన్నెదొండ కల్యాణం

వెండికొండల వరుస నడుమ, చిప్పలో ముత్యంలాగా, తుహినపురం అని ఒక పట్టణం ఉండేది. దాని కోటగోడలు చంద్రకాంతశిలలవి. గోపురాల అంచులకు వేలాడే మంచుబొట్లు పొద్దుపొడుపున పగడాలై, పట్టపగలు వజ్రాలై, పొద్దు వాటారేసరికి నీలాలై మెరిసేవి. చూడవచ్చినవాడు రెప్ప వేయటం మరిచిపోయేవాడు. వేస్తే రెప్పలు అతుక్కుపోతాయన్న భయం ఒకటి ఎటూ ఉంది. ఆ ఊరి చలి అంతటిది మరి! ఆవు పొదుగు కింద చెంబు పెడితే పాలకు బదులు వెన్నముద్దలు రాలిపడేవట. చిలికే పని తప్పిందని ఆడవాళ్లు చలికి దణ్ణం పెట్టుకునేవారు. నమ్మనివారు వెళ్లి చూసి రావచ్చు. దారి మాత్రం అడగవద్దు.

అంత చలి ఊళ్లో సింగన రాకాసి దొండను పెంచుతున్నాడు.

సింగనది ఎండలసీమ. కత్తి పట్టటం, చెట్టెక్కటం, ఎదుటివాడి మాటకు ఎదురుమాట వెతకటం – ఈ మూడూ తప్ప మరో ఆస్తి లేనివాడు. అతని సొంత ఊరు ఒకప్పుడు నిజంగా ఊరే. ఏదో పిట్ట ఎక్కడో దొండపండు తిని, ఎగురుతూ ఎగురుతూ ఒక్క గింజ జారవిడిచింది. ఆ గింజ మొలిచి, పాకి, కాసి, పగిలి, తిరునాళ్లకు జనం పెరిగినట్టు పెరిగి, ఇళ్లను మింగింది, బావుల్ని మింగింది, చివరికి కోమటి రత్తయ్య గారి మేడ మీది ధ్వజాన్ని కూడా మింగింది. ఊరివాళ్లు కట్టుబట్టలతో కదిలిపోయారు. అలాంటి తీగను అతనే మూట కట్టుకొని తుహినపురం తెచ్చాడంటే, దానికో కారణం ఉంది.

తుహినపురాన్ని ఏలే తుషారసేన మహారాజుకు ఒక్కతే కూతురు, మంజులేఖ. ఆమెను భ్రమరాక్షుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయి గద్దముక్కు శిఖరం మీది గుహలో పెట్టాడు. తుహినపురాన్ని తనకు రాసివ్వమన్నాడు. రాజు ససేమిరా అన్నాడు. ఆ శిఖరం అద్దంలా నున్నన. ఉడుం జారిపోయింది, నిచ్చెన చాల్లేదు, బాణానికి కట్టిన తాడు సగంలోనే నీరసించి తిరిగివచ్చింది.

"ఆ రాయి ఎక్కగలిగింది ఒక్కటేనండయ్యా, రాకాసి దొండ. దాని నులితీగ పట్టిందంటే గాజునైనా వదలదు. అది ఎక్కాక దాన్ని పట్టుకొని నేనెక్కుతాను" అన్నాడు సింగన కొలువులో నిలబడి.

"మీ సీమను మింగిన పీడనా? దాన్ని నా రాజ్యంలో నాటమంటావా?" అన్నాడు రాజు, సింహాసనం మీద కాళ్లు పైకి ముడుచుకుంటూ.

"మింగేది తీగ కాదు ప్రభూ, గింజ. దొండలో ఆడతీగ వేరు, మగతీగ వేరు. మగపూవు పుప్పొడి తగలందే ఆడపూవు కింద పిందె నిలవదు. పసుపుబారి రాలిపోద్ది. నేను తెచ్చింది ఆడతీగ గడ్డ. మగతీగ అనేది మీ కొండల్లో మచ్చుకైనా లేదు. ఇక గింజెక్కడిది? పనైపోయాక మీ మంచే దాని పని పట్టుద్ది."

"గింజంటూ పడితే?"

"నా తల పడుద్ది."

రాజు ఆ మాట పట్టుకున్నాడు. రాజులకు తక్కిన మాటలు గుర్తుండకపోయినా ఇలాంటివి బాగా గుర్తుంటాయి.

ఇక సింగన పని చూడాలి! శిఖరం అడుగున, ఎండ తగిలే దక్షిణపు దిక్కున, గొయ్యి తవ్వించాడు. అశ్వశాలలోని పచ్చి లద్దంతా మోయించి, ఎండుటాకులు కలిపి తొక్కించాడు. ఆ లద్ది మగ్గి, చేయి పెడితే పొయ్యిలో పెట్టినంత వేడెక్కింది. దాని మీద అడుగున చిల్లి లేని రాతితొట్టి దింపించాడు, వేరు కిందికి దిగి ఊరి మీద పడకుండా. తొట్టి వెనక నల్లరాళ్లు పేర్పించాడు. పగలు తాగిన ఎండను అవి రాత్రి కక్కుతాయి. పొద్దుగూకగానే తీగకు గొంగళ్లు కప్పించాడు. రాజ్యంలో తమకు లేని గొంగళ్లు దొండకు కప్పుతున్నారని జనం కొంత గొణిగారు గానీ, తీగ మాత్రం కొత్తల్లుడిలా ఆ మర్యాదలన్నీ అందుకొని, ఏపుగా లేచి, చూస్తుండగానే రాయి పట్టింది. పక్కకు జారిన కొసను జారినట్టే తుంచటానికి కొడవళ్లతో కావలివాళ్లను పెట్టాడు. నేల తాకితే కణుపు కణుపుకూ వేరు దిగే జాతి అది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నవాడు ఒక్కచోట నోరు జారాడు.

రాజమాత నాగలాంబ ఒకనాడు శాలువా కప్పుకొని తీగను చూడవచ్చింది. తెల్లని పూలు, ఒక్కో పూవు కింద వేలెడు పచ్చని పిందె. చూసి మురిసిపోయింది.

"ఇంత ముచ్చటగా ఉందేమిరా సింగనా! కాయ నిలవదేం మరి?"

"కన్నెపిల్ల అమ్మగారూ. పెళ్లి కాలేదు, ఎక్కణ్ణించి కాస్తది?" అని పకపకా నవ్వాడు సింగన.

పెద్దావిడ నవ్వలేదు. నొసలు చిట్లించి వెళ్లిపోయింది.

తుహినపురంలో ఒక ఆచారం ఉంది. తొలిమంచు పడేలోపు ఊళ్లో పెళ్లికానిదేదీ మిగలకూడదు. మిగిలితే చలికి తోడులేక ఏడుస్తుందని, ఆ ఏడుపు ఊరికి తగులుతుందని వాళ్ల నమ్మకం. అందుకని మనుషుల పెళ్లిళ్లు అయ్యాక బావులకూ బండలకూ చేసేవారు. గరిటెను కుండకిచ్చేవారు. రోకలి మూర్ఛ వచ్చి విరిగితే రోలుకు మారుమనువు చేసేవారు. ఎండలసీమవాడికి ఇదంతా ఎలా తెలుస్తుంది?

తీగ కొస గుహలో దూరిన పొద్దున్నే సింగన పంచె బిగించి, వీపున నీళ్ల సొరబుర్ర కట్టుకొని ఎక్కాడు. నులితీగలు ఇనుప గొలుసుల్లా నిలిచాయి. మేఘాలు అతని మోకాళ్ల కింద గొర్రెల మందలా మేశాయి. గుహ ముఖాన కాలు పెట్టేసరికి, లోపల నిప్పుగుండం పక్కన కూర్చున్న మంజులేఖ తలెత్తి చూసింది.

"ఎవరయ్యా నువ్వు? గోడ మీది బల్లిలా వచ్చావ్."

"బల్లే అనుకోండమ్మా. శకునం మంచిదే. ఆ మాయదారి ఎక్కడ?"

"పొద్దున్నే పట్టుపంచె కట్టి, తిలకం దిద్ది, బుట్టలో ఏదో మొక్క పెట్టుకుని గాల్లోకి ఎగిరాడు. అచ్చం పెళ్లికి పోయేవాడిలా ఉన్నాడు."

సింగనకు అది అప్పుడు బుర్రకెక్కలేదు. ఎక్కే తీరిక కూడా ఇవ్వకుండా, గుహ కప్పు నుంచి గొడుగంత గబ్బిలం ఒకటి గీపెడుతూ మీదికి దూకింది. అతను కత్తి దూసేలోపే మంజులేఖ గుండంలోని వేడిబూడిద రెండు చేతులా ఎత్తి దాని మొహాన కొట్టింది. అది తుమ్ముతూ తుమ్ముతూ లోయలో పడిపోయింది.

"రోజూ నా అన్నంలో రెక్కలు దులిపేది. ఇన్నాళ్లకు కసి తీరింది. పద!" అందామె.

సగం దూరం దిగారో లేదో, కింది నుంచి సన్నాయి వినిపించింది. వెనకే డోలు. సింగన కిందికి తొంగిచూసి కొయ్యబారిపోయాడు. రాతితొట్టి చుట్టూ పందిరి వేశారు. మామిడాకులు దొరకని ఊరు కనక దేవదారు రెమ్మల తోరణాలు. తీగ మొదట్లో పసుపు పూసి, బొట్టు పెట్టి, ఎర్రచీర చుట్టారు. ఎదురుగా ఇత్తడి గంగాళంలో తలపాగా చుట్టుకొని ఇంకో తీగ నిలబడి ఉంది. దాని పూల కింద పిందె అన్నది లేదు.

"అమ్మో, మగదొండ!" అన్నాడు సింగన. "అమ్మా, పట్టు వదిలి జారండి! తలంబ్రాలు పడే లోపు దిగాలి!"

చెట్ల పెళ్లిలో తలంబ్రాలంటే వేరే బియ్యం ఉండదు. వరుడి పూలు దులిపి వధువు పూల మీద చల్లటమే. గాలి చలికి తేనెటీగ రెక్క విప్పని ఊళ్లో, అక్షరాలా ఆ చల్లుడే చాలు కొంప ముంచటానికి.

జారిన జోరుకు అరచేతులు పొగలు కక్కాయి. మంజులేఖ తండ్రి ఒళ్లో పడింది, సింగన పాయసం గంగాళం పక్కన పడ్డాడు. రాజు కూతుర్ని కావలించుకొని వెక్కివెక్కి ఏడ్చాడు. జనం జేజేలు కొట్టారు. ఆ సందట్లోనే రాజమాత మనవరాలి నుదురు ముద్దాడి, వెంటనే పురమాయించింది: "శుభం మీద శుభం! ఊఁ, ఇక తలంబ్రాలు కానివ్వండి!"

"ఆపండి!" అని అరిచాడు సింగన. "అమ్మగారూ, ఈ పెళ్లి జరిగితే గింజ పడుద్ది. గింజ పడితే మీ ఊరు పొద అయిపోద్ది. మా ఊరు అట్టాగే పోయింది!"

"పీటల మీద అశుభం మాట్లాడకు నాయనా" అంది రాజమాత మెత్తగా. "అలసిపోయావు. ముందు ఇంత పాయసం తాగు."

ఎవరో అతని చేతిలో తాంబూలం పెట్టారు. ఇంకెవరో పన్నీరు చల్లారు. ఇంకొకావిడ, "పెళ్లికాని కుర్రాళ్లకి ఇలాంటివి చూస్తే కుళ్లేనమ్మా" అని కూడా అంది. మగతీగ పక్కన పట్టుపంచె కట్టి, సంబంధం తెచ్చిన పెద్దమనిషిలా కూర్చున్న శాస్త్రి ఒకడు, కళ్ల మీదికి తలపాగా దించుకొని చిరునవ్వు నవ్వుతున్నాడు. "ముహూర్తం మించిపోతోంది తల్లీ" అన్నాడు. ఆ గొంతు వెనక చిన్నగా ఝుమ్మనే మోత ఒకటి.

సింగనకు అప్పుడు వెలిగింది, పొద్దున్నే పట్టుపంచె కట్టుకొని పెళ్లికి బయల్దేరింది ఎవరో. తనకు రాసివ్వని ఊరిని తీగ చేత మింగించాలని వాడి ఎత్తు. కత్తి దూద్దామంటే చుట్టూ ముత్తయిదువులు. నిజం చెబుదామంటే వినే చెవి లేదు. ఊరు మునుగుతుందంటే వినని జనం దేనికి వింటారు? అతని అమ్మమ్మ ఊళ్లో అవుతున్న పెళ్లిళ్లను చెడగొట్టేటప్పుడు ఏమనేదో గుర్తొచ్చింది. తాంబూలం నెమ్మదిగా నోట్లో పెట్టుకొని, పీట లాక్కొని, ఆడపెళ్లివారి పెద్దలా కాలు మీద కాలు వేసుకొని కూర్చున్నాడు.

"సరే కానివ్వండి. పిల్లను గడ్డనాటి నుంచి పెంచినవాణ్ని, పిల్ల తండ్రిని నేను. నన్ను అడక్కుండా పీటలెక్కించారు, పోనీలెండి. ఒక్కమాట చెప్పండి శాస్త్రిగారూ. పెళ్లికొడుకు గోత్రం ఏంటి?"

సన్నాయి ఒక్కసారి కీచుమని ఆగింది.

శాస్త్రి తలపాగా ఇంకొంచెం కిందికి లాక్కున్నాడు. మంత్రాలన్నీ వచ్చిన భ్రమరాక్షుడికి దొండ గోత్రం రాదు. "అది... దొండిల్య గోత్రం" అన్నాడు.

సింగన చెవులు మూసుకొని లేచాడు. "శివశివా! మా పిల్లదీ అదే! ఒక్క పాదున పుట్టిన బిడ్డలయ్యా వీళ్లు! అన్నాచెల్లెళ్లకు తలంబ్రాలు పోయిస్తావా?"

అంతే! రాజ్యం మునుగుతుందంటే చెక్కుచెదరని పందిరి అల్లకల్లోలమైపోయింది. డోలు వాయించేవాడు కర్రలు పారేశాడు. ముత్తయిదువులు నోళ్లు నొక్కుకున్నారు. రాజమాత ముఖం ఎర్రబడింది. తలంబ్రాల పళ్లెం పట్టుకున్న పూజారి చేతిలోంచి దాన్ని గుంజుకొని బోర్లా తిప్పి పాయసంలో కలిపేసింది.

"ముసలిదాన్ని చేసి నా చేత ఇంత పాపం చేయిస్తావా, వరసలు తెలియని వెధవా?" అంటూ చేతికందిన గరిటెతో శాస్త్రి నడినెత్తిన ఒక్కటిచ్చింది. పాపం, ఆ గరిటె కొత్త పెళ్లికూతురు.

తలపాగా ఎగిరిపోయింది. దాని కింద, తేనెపట్టులా గడులు గడులుగా ఉన్న కళ్లు రెండు మెరిశాయి. "భ్రమరాక్షుడు!" అని కేక వేసింది మంజులేఖ. వాడు గిర్రున తిరిగి, గుప్పెడంత నల్ల తుమ్మెద అయిపోయి, వరుడి పూలలో దొర్లి, కాళ్లనిండా పుప్పొడి పూసుకొని, ఝుమ్మంటూ వధువు మీదికి లంఘించాడు.

"కప్పండి! పూలు కప్పండి!" అన్నాడు సింగన. ఈసారి వివరం అడిగినవాళ్లు లేరు. కన్నెపిల్ల మీదికి పరాయిమగాడు వస్తుంటే ఊరు ఊరుకుంటుందా? శాలువాలు, గొంగళ్లు, కొంగులు, చివరికి రాజుగారి ఉత్తరీయం – అందినంత మేర ఆకూ పూవూ కనబడకుండా కప్పేశారు. తుమ్మెద ఎక్కడా వాలే చోటు లేక, రాతి వెంట పైపైకి, మేఘాల్లోకి పోయింది.

సరిగ్గా అప్పుడే ఉత్తరపు కొండల మీది నుంచి గాలి తిరిగింది. ఆ ఏటి తొలిమంచు, పిండి జల్లెడ పట్టినట్టు, మెల్లగా రాలటం మొదలైంది. పైనెక్కడో ఝుంకారం నీరసించింది. కాసేపటికి చలికి రెక్కలు బిగిసిపోయిన తుమ్మెద రాయిలా తిన్నగా వచ్చి సింగన కాళ్ల దగ్గర పడింది. అతను దాన్ని రెక్క పట్టి ఎత్తి, సొరబుర్రలో వేసి, బిరడా బిగించి, రాజమాత చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని తాళంచెవుల గుత్తి పక్కన నడుముకు దోపుకుంది. అంతకంటే గట్టి చెరసాల ఆ రాజ్యంలో లేదు.

మగదొండను వేళ్లతో సహా పెరికి పొయ్యిలో పెట్టారు. పుప్పొడి కలిసిన పాయసాన్ని గుర్రాలకు పెట్టారు, అవి వద్దనలేదు. మంచు దెబ్బకు ఆకులు ఉడికిన తోటకూరలా వాడిపోయాయి. పిందెలు ఒక్కొక్కటే పసుపుబారి టపటపా రాలాయి. రాలిన ప్రతి పిందెకూ జనం "హమ్మయ్య!" అన్నారు. సింగన వాటిని తొక్కుకుంటూ తిరిగాడు, తన తల తన మెడ మీదే ఉందని అప్పుడప్పుడు తడిమి చూసుకుంటూ. మంజులేఖ వేడి అంబలి ముంతలో ఊదుకుంటూ, "చాలా రోజుల తర్వాత గబ్బిలం ఈకల్లేని తిండి" అని నవ్వింది.

"గబ్బిలానికి ఈకలెక్కడివమ్మా?" అన్నాడు సింగన.

"నా అన్నంలో తేలింది నువ్వు తిన్నావా, నేను తిన్నానా?"

రాజు కూడా నవ్వాడు. నవ్వుల మధ్య, రాజమాత నడుము దగ్గర సొరబుర్ర కూడా నవ్వింది.

"నవ్వండి, నవ్వండి! నేను వాలాకే పడ్డానురా! గుహ ముఖాన, నా నిప్పుగుండం వెచ్చదనాన విచ్చిన పూవు ఒకటుంది. దాన్ని ఏ శాలువా కప్పిందిరా?"

అందరూ తలెత్తారు. మేఘం పక్కకు తొలగింది. వాడిన తీగ కొసన, అంతెత్తున, పసుపుబారని పిందె ఒకటి, చిలకముక్కంత, పచ్చగా మెరిసింది.

"మొదలు నరికెయ్యండి!" అన్నాడు రాజు.

"లాభం లేదు ప్రభూ. ఈ మొండిజాతి, తీగలో మిగిలిన రసం తాగైనా పండుద్ది. పండి పగిలిందంటే ఆ గాలికి గింజలు ఏ లోయలో పడతాయో! ఇప్పుడే కోసెయ్యాలి." సింగన పంచె బిగించాడు.

"నీ బరువుకి వాడిన తీగ ఆగదు. నేను తేలిక" అని మంజులేఖ అంబలి ముంత కింద పెట్టింది.

"అమ్మాయీ, ఇప్పుడేగా దిగావు!" అన్నాడు రాజు గొల్లుమని.

"మన ఊరికోసం తలొడ్డింది పొరుగూరివాడు నాన్నగారూ. పిందె కోయటానికైనా మనవాళ్లు ఒకరు పోవద్దా?"

ఆమె ముందు, అతను వెనక. పొద్దున ఇనుప గొలుసుల్లా నిలిచిన నులితీగలు ఇప్పుడు ఉడికిన సేమ్యాల్లా సాగుతున్నాయి. ఒకటి టప్‌మంది. రెండోది టప్‌మంది. సింగన కాలు పెట్టిన చోటల్లా కిందికి ఊడివచ్చింది; తెగే లోపు పైది పట్టటం, పైది తెగే లోపు ఆ పైది పట్టటం. కొసకు వచ్చేసరికి మంజులేఖ గుహ అంచు మీదికి దొర్లి, జారుతున్న సింగన జుట్టు పట్టుకొని లాగింది. అతను బోర్లా పడ్డాడు. వెనకే తీగ మొత్తం, బండెడు గడ్డిమోపులా, రాతి మీది నుంచి ఊడి, సుళ్లు తిరుగుతూ లోయలోకి వెళ్లిపోయింది.

పిందె మాత్రం మంజులేఖ పిడికిట్లో ఉంది.

"కోశారా?"

"కోశాను. ఏం చేద్దాం దీన్ని? కాలుద్దామా?"

సింగన కడుపు గురగురలాడింది. పొద్దుటి నుంచి అతను తిన్నది ఒక్క తాంబూలం. "లేత దొండేనమ్మా. గింజ ముదరలేదు. నమిలేస్తే సరి."

చెరిసగం కొరికి నమిలారు. చేదు, వగరు, ఆ వెనక కొంచెం తీపి. తుహినపురంలో ఆ జాతికి ఉన్న వంశమంతా ఆ నాలుగు నములుళ్లతో అంతరించింది. కింద జనం కేకలు వినిపించాయి. వాళ్లు ఎగురుతున్నారు, సన్నాయి మళ్లీ మొదలైంది. సింగన మెడ తడుముకొని, గుహ గోడకు చేరబడి, గుండెలనిండా ఊపిరి పీల్చాడు. మంజులేఖ కిందికి తొంగిచూసి, నున్నని రాతిని చూసి, అతన్ని చూసి, ఆపుకోలేక నవ్వేసింది. ఊరు గట్టెక్కింది గానీ, వీళ్లకు గట్టు దిగే దారి లేకుండా పోయింది.

అప్పుడు వాళ్ల వెనక, నిప్పుగుండానికి ఆవల, మంజులేఖ ఇన్నాళ్లూ ఉత్త రాయి అనుకున్న చీకటి మూలలోంచి, ఎవరో ముసలిగొంతు సవరించుకున్నారు.

"ఉప్పు లేకుండా తింటున్నారేమర్రా పిల్లలూ? ఇలా రండి, ఇంత పెడతాను."